ఇనుము మరిదిది, చెక్క నాది

మా మరిదిని చూస్తే నాకు కడుపుమంట. ఈ మాట మా అత్తగారి ఎదురుగా కూడా అనగలను, అన్నాను కూడా. "ఇంట్లో ఒకడు బాగుపడితే నీకేటే నొప్పి" అందావిడ. బాగుపడితే నాకేం నొప్పి లేదు. నా చోట్లో కూర్చుని బాగుపడ్డాడు, అదీ నా నొప్పి.

ఆ చోటు హుటాన్ మెలింటాంగ్‌లో పడవల రేవుకి పోయే వీధిలో ఉంది. ఒక ముసలి చైనా తౌకే నడిపే తుపాకి మరమ్మతు కొట్టు. కొట్టు యజమాని ఎవరైనా మాకు తౌకేయే. ఈ మలయ్ దేశంలో తుపాకి ఊరికే దొరకదు. పామాయిల్ తోటల్లో అడవి పందుల్నీ పండ్ల తోటల్లో కోతుల్నీ తరమడానికి కొంతమందికి పోలీసులు అన్నీ విచారించి అనుమతి ఇస్తారు. ఆ తుపాకులు పాతబడతాయి, తడుస్తాయి, కింద పడి విరుగుతాయి. వాటిని బాగు చేసేవాళ్లు మా చుట్టుపక్కల ఈయన ఒక్కడే. కొట్టు లోపల గదిని రెండుగా చీలుస్తూ ఇనప కమ్మీల తలుపు ఉంటుంది. గొట్టాలూ ట్రిగ్గర్లూ అన్నీ అటు. అనుమతి కాగితంలో పేరున్నవాళ్లు తప్ప ఆ తలుపు దాటకూడదు. ఇటువైపు ఒక బల్ల, ఒక కిటికీ, నా చెక్కలు, నేను.

నేను ఇందులోకి వచ్చింది తుపాకుల మీద మోజుతో కాదు. పెళ్లయిన దగ్గర్నుంచీ కుర్చీలు, మంచాలు చేసే ఫ్యాక్టరీలో నునుపు పట్టే సెక్షన్‌లో పని చేశాను. ఆ ఫ్యాక్టరీ వేరే దేశానికి పోయింది. మేం ఇళ్లకి పోయాం. సుంగై సుమున్‌లో మా ఇంటి వెనక రేకు కింద బల్ల వేసుకుని దేవుడి మందిరాలు, తలుపు చెక్కలు బాగు చేయడం మొదలుపెట్టాను. మా ఆయన పామాయిల్ గెలలు మోసే లారీ నడుపుతాడు. ఇంట్లో దుమ్ము అంటాడు తప్ప వద్దనలేదు.

ఒకరోజు పండ్ల తోట ఉన్న మలయ్ పెద్దాయన ప్లాస్టిక్ సంచిలో ఒక చెక్క ముక్క పట్టుకొచ్చాడు. రెండుగా చీలి ఉంది. "కాక్, దీనికి జత చేయగలవా?" అన్నాడు. అక్కని వాళ్లు కాక్ అంటారు. నేను ముందు అది ఏదో పాత కుర్చీ కాలనుకున్నాను. కాదు, తుపాకి మడమట. తుపాకిలో భుజానికి ఆనించుకునే చెక్క భాగం. తౌకే ఇనుము తన దగ్గర ఉంచుకుని, చెక్క చేసే మనిషిని నువ్వే వెతుక్కో అని ఈయన్ని పంపేశాడు.

మా ఇంటి వెనక పనసచెట్టు గాలికి పడిపోయి రెండేళ్లయింది. పలకలు కోయించి ఆరబెట్టి ఉంచాను. మా మామ్మ ఉన్నప్పుడు అనేది, వాళ్ల అమ్మానాన్నలు ఓడెక్కి వచ్చిన ఊరివైపు పనసతో వీణలు చేస్తారని. మామ్మ వీణని చూడనూ లేదు, విననూ లేదు. పనస మాత్రం మంచి చెక్క అని నాకు ఆ మాట వల్ల తెలుసు. విరిగిన ముక్కని పక్కన పెట్టుకుని, ఉలితో చెక్కి, ఆకురాయితో రాకి, ఉప్పుకాగితం పట్టి, అవిసె నూనె రుద్ది రుద్ది ఇచ్చాను. పసుపుపచ్చ చెక్క నూనెకి తేనెరంగులోకి తిరిగింది. ఇచ్చేయడానికి నాకు మనసు రాలేదు.

వారం తిరక్కుండా తౌకే కబురు పెట్టాడు.

వెళ్తే కూర్చోమనలేదు. చెయ్యి చాపమన్నాడు. మోచేతి మడత నుంచి చూపుడువేలు దాకా కొలిచాడు. ఆయన సగం మలయ్, సగం తమిళం మాట్లాడతాడు. "చూడక్కా, జనం తుపాకి అంటే ఇనుమనుకుంటారు. భుజానికి తగిలేది చెక్క. చెంపకి తగిలేది చెక్క. కొలత కుదిరితే కన్ను దానంతటదే గొట్టం వెంట పోతుంది. కుదరకపోతే తుపాకి మనిషిని కొడుతుంది" అన్నాడు. ఆ మాటతో నాకు ఈ పని మీద ప్రేమ పుట్టింది. కుర్చీ ఎవరు కూర్చున్నా ఒకటే. ఇది ఒక్క మనిషికి చేసేది.

ఇనుము ముట్టుకోకుండా ఇనుముకి సరిపడా చెక్కని తొలచడం ఎలా? దానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇనుము భాగానికి దీపం మసి పూస్తాడు. కమ్మీల అవతల నిలబడి నేనిచ్చిన చెక్కలో దాన్ని నొక్కి తీస్తాడు. ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ నల్లగా అంటుతుంది. చెక్కని కమ్మీల సందులోంచి నాకిస్తాడు. నేను ఆ నల్లమచ్చల వరకే గీకి తిరిగిస్తాను. మళ్లీ మసి, మళ్లీ నొక్కుడు, మళ్లీ గీకుడు. పొద్దంతా చెక్క అటూ ఇటూ తిరుగుతుంది. ఆయన మసి జిడ్డుగా ఉండి చెరిగిపోతుంటే మా అమ్మ కాటుక పట్టిన తీరులో ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి నేను మసి తీసి తీసుకెళ్లాను. ఆయన వేలికి రాసుకుని చూసి, అప్పట్నుంచి నా కాటుకే వాడాడు. నాకు ఆ ఇనుము గురించి తెలిసిందంతా ఆ మసిలోంచే తెలిసింది.

తౌకేతో అవతలివైపు పనిచేసే ఆయన బంధువొకాయన ఉండేవాడు. ముసలితనం మీదపడి ఇపోలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. తౌకేకీ వయసయింది. కొట్టు నిలవాలంటే కాగితంలో రెండో పేరు కావాలి. తర్వాత కొట్టు ఆ పేరున్న మనిషిదే అని ఆయన నోటితోనే అన్నాడు. ఆ పేరు నాదే అవుతుందనుకున్నాను. నాకంటే ముందు ఎవరున్నారు గనక? కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో నాకు అప్పటికి తెలీదు.

వానాకాలంలో నా మోటార్‌సైకిల్ చెడింది. మా మరిదిది రేవులో పడవ ఇంజన్లు బాగు చేసే షెడ్డులో పని. "దారే కదా, దింపేస్తాను వదినా" అన్నాడు. దింపేసి పోవచ్చు కదా. గుమ్మంలో నిలబడి చూసేవాడు. ఒకరోజు తౌకే సానరాయి మోటారు తిరగడం మానేసింది. దాన్ని గుమ్మం దగ్గరికి తెప్పించుకుని, విప్పి, ఊది, వైరేదో మార్చి తిప్పి చూపించాడు. తౌకే మోటారుని చూడలేదు, మా మరిది చేతుల్ని చూశాడు. నేను అది గమనించాను. ఆ క్షణంలోనే నా కడుపులో మంట మొదలైంది.

నేర్చుకునే మనిషిగా మరిదికి ఇపోలోని పోలీసు ఆఫీసు నుంచి తాత్కాలిక అనుమతి వచ్చింది. "చెక్కకి నువ్వున్నావు కదా లా" అన్నాడు తౌకే నాతో. మాట చివర లా తగిలించడం ఇక్కడందరికీ అలవాటు. "ఇనుముకి మనిషి కావాలి. పక్కా పేరు ఏడాది పని చూసి రాస్తాను. అది ఎవరిదైనా కావచ్చు."

ఎవరిదైనా కావచ్చు అన్న మాటనే పట్టుకుని ఏడాది బతికాను.

అతను కమ్మీల తలుపు దాటి లోపలికి వెళ్లిన మొదటిరోజు నాకు అన్నం సహించలేదు. రాత్రి ఇంట్లో పెద్ద చేపముక్క అతని కంచంలో పడింది, అది ఎప్పుడూ పడేదే, కానీ ఆరోజు నాకు అదీ పగగా కనిపించింది. అన్నం తింటూ అతను స్ప్రింగుల గురించి చెప్పేవాడు. ఏ స్ప్రింగు మెత్తబడితే ఎలాంటి చప్పుడొస్తుందో నోటితో చేసి చూపించేవాడు. మా ఆయన నవ్వేవాడు, అత్తగారు మురిసిపోయేది. నేను నవ్వలేదు గానీ ఒక్క మాట వదలకుండా విన్నాను. మర్నాడు పనిలో కూర్చున్నప్పుడు అవతలి నుంచి చప్పుడొస్తే ఏ స్ప్రింగో నాకు తెలిసిపోయేది. తెలిసి ఏం లాభం, చెయ్యి పెట్టే వీల్లేదు.

ఇంకో సంగతి. అంతకుముందు మసి పూసి చెక్కలో నొక్కేది తౌకే. ఇప్పుడు మరిది. నా కాటుక, నా చెక్క, అతని చెయ్యి. "ఇక్కడ ఇంకొంచెం గీకాలి వదినా" అని కమ్మీల్లోంచి చెప్పేవాడు. నాకు కనబడదేమిటి ఆ నలుపు? "కళ్లున్నాయి నాకు" అనేదాన్ని. అతనికి కోపం రాదు. అదొకటి, అతనికి కోపం రాదు. ఎదుటివాడికి కోపం రాకపోతే ఓర్వలేనితనం అంతా మన ఒక్కళ్ల మీదే పడుతుంది.

అయినా నా పని నేను మరీ మరీ బాగా చేశాను. తైపింగ్ నుంచి ఒకాయన తన తాత తుపాకి పట్టుకొచ్చి, చెక్క పని "ఆ కాక్" చేయాలని అడిగాడు. నేను చెక్కిన ఒక్కటీ వెనక్కి రాలేదు. తౌకే వేలితో నిమిరి "బాగుంది" అనేవాడు. ఆ ఒక్క మాటే. తప్పుంటే చెప్పమని అడిగాను కూడా. "తప్పు లేదు కదా, ఏం చెప్పను?" అన్నాడు.

దసరా వచ్చింది. రబ్బరు ఎస్టేటు రోజుల నుంచీ ఆయుధపూజ మా ఇంట్లో పెద్ద పండగ. రబ్బరు గీసే కత్తులకి, కొడవళ్లకి పసుపు రాసి కుంకుమ పెట్టి నిమ్మకాయ కోసేవాళ్లు మా పెద్దలు. ఇప్పుడు లారీకీ మోటార్‌సైకిళ్లకీ చేస్తాం. నేను ముందురోజు నా ఉలులకి బొట్లు పెట్టుకుని, ఇంట్లో పిండివంటల పని ఉండి పెందరాళే వచ్చేశాను. మరిది ఉండిపోయాడు. కొట్టులో కూడా పూజ చేస్తానంటే, మా దేవుడి పక్కన మీ దేవుడూ ఉంటాడు, పర్వాలేదన్నాడట తౌకే.

కొత్తగా నల్లనీలం రంగు పట్టించిన గొట్టాలు అవతల బల్ల మీద వరసగా ఉన్నాయి. తుప్పు పట్టకుండా ఇనుముకి పట్టించే రంగది. ఎన్నో రోజుల పని, అదీ తౌకే స్వయంగా చేసింది. మరిది భక్తిగా ఒక్కో గొట్టానికీ పసుపు పూసి, నిమ్మకాయలు కోసి, కుంకుమ అద్ది, ఒక్కో గొట్టం మీదా ఒక నిమ్మచెక్క బోర్లించి, దణ్ణం పెట్టుకుని తాళం వేసి వచ్చాడు. లారీ చక్రం కింద పెట్టే నిమ్మకాయతో లారీకి ఏమీ కాదు. తుపాకి గొట్టం సంగతి వేరు. పండగయ్యాక తెరిచి చూసేసరికి నిమ్మరసం కారిన చోటల్లా రంగు లేచిపోయింది. తెల్లటి చారలు, వాటి అంచున ఎర్రగా తుప్పు.

నేను కమ్మీల ఇవతల నుంచి చూశాను. అబద్ధం ఎందుకు, నాకు అసలు పండగ అప్పుడొచ్చింది. తౌకే ఏడాది చూస్తానన్నాడు, చూశాడు కదా. ఇంక ఆ పేరు నాదే అనుకున్నాను. మొహం మాత్రం బాధగా పెట్టుకుని, "అయ్యో" అన్నాను.

"నేనే సేసినాను తౌకే. మాకు అలవాటు. తెలీక సేసినాను" అన్నాడు మరిది. తలొంచుకుని నిలబడ్డాడు.

తౌకే అరుస్తాడని చూశాను. ఆయన గొట్టాలన్నీ ఒకటొకటే ఎత్తి వెలుతురులో చూసి, కింద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నువ్వే తీశావు. నువ్వే మళ్లీ పట్టించు. నేను చెప్తాను, చెయ్యి నీది" అన్నాడు.

ఆ తర్వాత కొట్టులో జరిగింది నేను జన్మలో మర్చిపోను. తన బంధువుకి కూడా పూర్తిగా చూపించలేదని చెప్పుకునే పని, ఆయన మరిదికి మొదటి నుంచి నేర్పాడు. మెరుగు ఎంతవరకు పెట్టాలి, జిడ్డు ఎలా వదిలించాలి, రంగు ఎక్కిందో లేదో ఏ వెలుతురులో చూడాలి. తప్పు చేస్తే చెయ్యి మీద ఒకటి వేసేవాడు. మళ్లీ చెప్పేవాడు. ఇద్దరూ ఒకే గ్లాసులో కాఫీ పంచుకున్నారు. నేను ఇవతల ఉప్పుకాగితం పట్టుకుని కూర్చున్నాను. నా చెక్కలో ఏ తప్పూ లేదు. తప్పు చేసినవాడికి గురువు దొరికాడు. చేయనిదానికి "బాగుంది" అన్న ముక్క దొరికింది. కళ్లల్లో నిప్పులు పోసుకోవడం అంటారే, ఆ రోజులన్నీ నేను చేసింది అదే.

గొట్టాలు ముందుకంటే బాగా వచ్చాయి. అది కూడా ఒప్పుకోవాలి, నాకు ఇష్టం లేకపోయినా.

ఏడాది గడిచింది. ఇపో నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. తాళాలు, కమ్మీలు అన్నీ చూసుకున్నాడు. రెండో పేరెవరిదని అడిగితే తౌకే మా మరిది పేరు చెప్పాడు. అధికారి నావైపు తిరిగాడు. "ఆమె చెక్క పని" అన్నాడు తౌకే. అధికారి తల ఊపి బయటికి నడిచాడు.

అందరూ పోయాక నేను తౌకేని అడిగాను. నాకు మొహమాటం లేదు.

"నా పేరు ఎందుకు రాయలేదు?"

"నీకు ఇనుము తెలీదు కదా అక్కా."

"తెలియనిచ్చారా?"

"పేరు లేనిది ముట్టుకోనివ్వకూడదు లా. చట్టం."

"ముట్టుకోలేదు గనక తెలీదు. తెలీదు గనక పేరు లేదు. పేరు లేదు గనక ముట్టుకోకూడదు. అంతేనా?"

ఆయన కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత, "అవును, అంతే" అన్నాడు. కనీసం అబద్ధం చెప్పలేదు. ఇంటికొచ్చి బాత్‌రూములో కొళాయి విప్పి ఏడ్చాను. మా ఆయనకి చెప్తే, "తమ్ముడిదైతేనేం, ఇంటి పేరు ఒకటే గదా" అన్నాడు. ఆ మాటకి ఆరోజు ఆయనకి కూర లేదు.

మానేద్దామనుకున్నాను. మానేస్తే కుర్చీ కాళ్లు రాకుతూ కూర్చోవాలి. ఒక మనిషి భుజాన్ని చూసి చెక్కలో దాన్ని తెచ్చే పని రుచి మరిగాక కుర్చీ కాలు ఎవడికి కావాలి. మళ్లీ వెళ్లాను.

కొట్టుకి సొంతంగా ఒక పాత ఒంటిగొట్టం తుపాకి ఉంది. రేంజిలో, అంటే తుపాకులు పేల్చి చూసే మైదానంలో, తూటాలు పరీక్షించడానికి తౌకే వాడేవాడు. దాని మడమని చెద పట్టింది. ఆయనకి ఇప్పుడు భుజం నొప్పి, ఇకనుంచి పేల్చి పరీక్షించేది మరిది. "మీ మరిది కొలతకి కొత్తది చెయ్యి. మంచి చెక్క వాడు" అన్నాడు తౌకే.

మరిది ఇటువైపొచ్చి చెయ్యి చాపి నిలబడ్డాడు. కొలిచాను. అతను పొడగరి, చేతులు సాగి ఉంటాయి. సుద్దతో పలక మీద గీతలు గీశాను. అతను వెళ్లిపోయాక తడిగుడ్డతో ఆ గీతలు తుడిచేశాను.

నా చెయ్యి నేను కొలుచుకున్నాను. మోచేతి మడత నుంచి చూపుడువేలు దాకా. నా మెడ ఎంత, నా చెంప ఎముక ఎక్కడుంది, నా భుజం గుంట ఎంత లోతు, అన్నీ అద్దంలో చూసుకుని గీశాను. పడిపోయిన ఆ పనసలో చివరి మంచి పలక అది. నా జన్మలో అంత మనసుపెట్టి ఏదీ చేయలేదు. పూర్తయ్యాక బిగించేముందు ఒక్కసారి భుజానికి ఆనించుకున్నాను. చెంప దానంతటదే వాలింది. కిటికీలోంచి చూపు సూటిగా రేవు దాకా పోయింది. తర్వాత దాన్ని కమ్మీల సందులోంచి మరిదికి అందించాను. స్క్రూలు బిగించాడు. ఇంక అది తుపాకి, నేను ముట్టుకోకూడదు.

తౌకే చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పాడు. అంత పొట్టిగా ఉన్నది ఆయన కంటికి ఆనకుండా ఉంటుందా? నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. "బాగుంది" అని గోడకి తగిలించాడు.

మొదటిసారి రేంజి నుంచి వచ్చినప్పుడు మరిది కంటికింద ఎముక మీద కమిలి ఉంది. మడమ పొట్టిదైతే పేలినప్పుడు సొంత బొటనవేలే వచ్చి మొహం మీద గుద్దుతుంది. అత్తగారు పసుపు వేడి చేసి పట్టిస్తూ, "ఏటైందిరా" అంటే, "జారినానమ్మా" అన్నాడు. రెండోసారి ముక్కు వాచింది. అప్పుడూ జారానన్నాడు.

ఒకరోజు కమ్మీల అవతల నుంచి మెల్లిగా అన్నాడు. "వదినా, అది నీ కొలత గదా."

"అవును" అన్నాను.

"ఎనక ఒక సెక్క ముక్క అతికిస్తే నాకు సరిపోద్ది."

"సరిపోతుంది."

"తౌకేకి సెప్పను లే. నువ్వే ఇస్తావని సూస్తన్నాను."

"చూస్తూ ఉండు" అన్నాను.

ఆ ముక్క నా దగ్గరే ఉంది. అదే పలకలోంచి మిగిలింది, అతికిస్తే గీతకి గీత కలుస్తుంది, కాస్త అవిసె నూనె రుద్దితే అతుకు ఎవరికీ కనబడదు. నిన్న కూడా అతను రేంజికి వెళ్లి మొహం కమిలి వచ్చాడు, కమ్మీల దగ్గర చెయ్యి చాపి కాసేపు నిలబడ్డాడు. ముక్క నా బల్ల సొరుగులోనే ఉంది. ఇంకా ఇవ్వలేదు.